రెక్కల నట్లు

నెవిల్ హేగ్ తన చొక్కా గుండీలు తానే పెట్టుకుని ఏడాది దాటింది. ఆ సంగతి తెలిసింది ఆయన భార్య హిలరీకి ఒక్కదానికే. పొద్దున్నే ఆమె టీకి నీళ్ళు పెట్టి, అవి మరిగేలోగా ఆయన ఎదురుగా నిలబడి కింది నుంచి మెడ దాకా గుండీలు పెట్టేసేది. పెడుతున్నంతసేపూ ఇద్దరూ వాన గురించి మాట్లాడుకునేవాళ్ళు. యార్క్‌షైర్‌లో వానకి కొరత లేదు కాబట్టి మాటలకీ కొరత ఉండేది కాదు. గుండీల మాట ఎత్తవలసిన అవసరం వచ్చేది కాదు.

డాక్టరు కీళ్ళవాతం అన్నాడు. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏదైనా పట్టుకుని తిప్పబోతే మోచేతి దాకా నిప్పు పాకేది. అరచేత్తో నొక్కే పనులు, పిడికిట్లో పట్టుకునే పనులు బాగానే సాగేవి. తిప్పే పనులే పోయాయి. సీసా మూత, తాళంచెవి, నట్టు. ఆ చివరిదాంతోనే ఆయనకి ప్రాణం మీదికొచ్చింది.

వాళ్ళ ఊరు బ్రిగ్‌రాయిడ్‌లో చర్చి హాలు పక్క గదిలో ప్రతి గురువారం సాయంత్రం నమూనా రైళ్ళ సంఘం కూడుతుంది. వాటిని బొమ్మ రైళ్ళంటే నెవిల్ మొహం మాడ్చుకుంటాడు. "బొమ్మలైతే పిల్లలు ఆడుకుంటారు. వీటి మీద చెయ్యి వేసిన పిల్లాణ్ణి నేను ఆడుకుంటాను" అంటాడు. ఆయన కట్టిన రైలు మార్గం పేరు థార్న్‌గిల్. ఆ పేరుగల ఊరు ఏ పటంలోనూ లేదు. చిన్న స్టేషను, గొర్రెలు మేసే కొండ, రాతి వంతెన, పాలక్యాన్లు పేర్చిన ప్లాట్‌ఫారం, ఒక ఆకుపచ్చ ఆవిరి ఇంజను. ఊరంతా మూడు బల్లల మీద ఉంటుంది. ఏటా ప్రదర్శనకి ఆ బల్లల్ని విడదీసి వ్యానులో వేసుకెళ్ళి, అక్కడ మళ్ళీ కలిపి బిగించాలి. అతుకు దగ్గర పట్టాలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. లేకపోతే ఇంజను పట్టా తప్పి కింద పడుతుంది. చూసేవాళ్ళు నవ్వుతారు.

సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. "బిగించినవాడే బండి నడపాలి." ప్రదర్శన రోజు పొద్దున్నే వచ్చి, మోకాళ్ళ మీద బల్ల కిందకి దూరి, అతుకు బిగించినవాడికే ఆ రోజు రైలు నడిపే హక్కు. పనంతా అయ్యాక తల దువ్వుకుని టీ కప్పుతో దిగబడే పెద్దమనుషుల్ని దారిలో పెట్టడానికి వచ్చిన కట్టుబాటు అది. పెట్టింది నెవిలే. పెద్దక్షరాలతో రాసి, టీ కెటిల్ పైన గోడకి అంటించిందీ ఆయనే. అప్పట్లో ఆయన వేళ్ళు పట్టకార్లు.

థార్న్‌గిల్ నడపడం పోతే తనకి ఇంకేం మిగులుతుందో నెవిల్ ఒకటికి రెండుసార్లు ఆలోచించి చూశాడు. పేపరు చదవడం, సూపర్‌మార్కెట్‌లో హిలరీ వెనకాల బండి తోసుకుంటూ తిరగడం, అంతకు మించి ఏమీ కనిపించలేదు. మగ్గాల యంత్రాలు చేసే కర్మాగారం మూతపడిన దగ్గర్నుంచీ ఈ ఊళ్ళో ఆయన పని చేతకాని మనిషి కాదని రుజువయ్యేది ఏడాదికి ఆ ఒక్క రోజే. దాన్ని వదులుకోవడానికి మనసు రాలేదు. అందుకని చేతుల సంగతి ఎవరికీ చెప్పలేదు.

చెప్పకుండానే ఇంకొన్నేళ్ళు నెట్టుకొచ్చేవాడేమో. ఆ చలికాలం గరాజు కప్పు కారింది. థార్న్‌గిల్ కిందున్న చెక్క చట్రాలు తడిసి వంకర తిరిగాయి. పైనున్న ఊరు మాత్రం క్షేమం. ఊరిని పలచటి చెక్కతో సహా ఎత్తి కొత్త చట్రాల మీద పెట్టాలి. చట్రాలు కొత్తవంటే వాటిని కలిపే సామానూ కొత్తదే కావాలి. అది ఎంచడానికి నెవిల్ తన స్నేహితుడు డడ్లీని వెంటపెట్టుకుని ఊళ్ళో ఉన్న ఇనుప సామాను దుకాణానికి వెళ్ళాడు.

డడ్లీ ఫర్త్, నెవిల్ ఇద్దరూ మీసాలు రాకముందు ఒకే రోజు కర్మాగారంలో పనికి చేరారు. అప్పట్నుంచీ వాళ్ళు తిట్టుకోని రోజు లేదు. డడ్లీ పొడుగ్గా, వదులుగా, కోటు కొక్కేనికి తగిలించినట్టుంటాడు. పెళ్ళి చేసుకోలేదు. దేన్నీ సీరియస్‌గా తీసుకోడని ఊళ్ళో పేరు.

దుకాణం మావిస్‌ది. ఆమెకి వచ్చినవాళ్ళందరూ బంగారాలే.

"ఏం కావాలి బంగారం?"

"విడదీసి కలిపే బల్లకి సామాను కావాలి" అన్నాడు నెవిల్, రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని.

"విడదీసేదైతే కలపడమెందుకు?"

"నాకు పెళ్ళి గురించి కూడా అదే అనుమానం మావిస్. అందుకే దాని జోలికి పోలేదు" అన్నాడు డడ్లీ.

"నీకు అనుమానం కాదు, పిల్ల దొరకలేదు" అన్నాడు నెవిల్. తర్వాత మావిస్ వైపు తిరిగి పాఠం మొదలుపెట్టాడు. పాఠం చెప్పడమంటే ఆయనకి మహా సరదా. "జిగురు పెట్టి అతికించడం ఎవడైనా చేస్తాడమ్మా. మళ్ళీ ఊడేలాగా, ఊడినా మళ్ళీ అదే చోట కూర్చునేలాగా కలపాలి. అదీ పని. ఇందులో రెండు పనులున్నాయి. సరైన చోట కూర్చోబెట్టడం ఒకటి, వదలకుండా పట్టుకోవడం ఒకటి. ఒకే వస్తువు మీద రెండు పనులూ రుద్దితే రెండూ చెడగొడుతుంది."

కూర్చోబెట్టే వస్తువు దగ్గర పేచీ రాలేదు. ఒక బల్ల అంచున ఇత్తడి మొన, ఎదుటి బల్ల అంచున అది దూరే ఇత్తడి గుంట. రెండూ కలిశాయంటే పట్టాలు ఇటూ అటూ జరగడానికి వీల్లేదు. మావిస్ అట్టపెట్టెలోంచి అలాంటి జతలు తీసి గల్లా బల్ల మీద పెట్టింది. ఇద్దరు మిత్రులూ వాటిని చూసి ఒకేసారి తలాడించారు. అలా ఒప్పుకోవడం ఇద్దరికీ అలవాటు లేని పని కాబట్టి కాస్త ఇబ్బంది పడ్డారు కూడా.

పట్టుకునే వస్తువు దగ్గర యుద్ధం మొదలైంది.

"బోల్టు, దానికి రెక్కల నట్టు" అన్నాడు నెవిల్. అంటే రెండు పక్కలా చిన్న రెక్కలుండి, పానా లేకుండా వేళ్ళతోనే తిప్పే నట్టు.

"ఇవి చూడు ముందు" అంటూ డడ్లీ గోడకి వేలాడుతున్న క్లిప్పు ఒకటి తీశాడు. ట్రంకు పెట్టెలకి ఉండే రకం. ఒక పక్క కొక్కెం, ఇంకో పక్క మీట. కొక్కేనికి తగిలించి మీట నొక్కితే చాలు, రెండు బల్లలూ దగ్గరికి లాక్కుని అతుక్కుంటాయి. "బల్ల కింద పాకక్కర్లేదు. ఎదురుగా నిలబడి ఒక్క నొక్కు నొక్కితే అయిపోయె."

"పిక్నిక్ బుట్టలకి పెట్టుకో వాటిని."

"ఎందుకురా? కూర్చోబెట్టే పని ఇత్తడి మొనదే అని ఇప్పుడే కదా ఉపన్యాసం ఇచ్చావు? ఇక పట్టుకోవడమేగా మిగిలింది. నట్టు పట్టుకుంటే ఒకటీ, క్లిప్పు పట్టుకుంటే ఒకటీనా?"

వాదనలో అది సరైన మాట. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, క్లిప్పు చూడగానే నెవిల్ వేళ్ళు కోటు జేబులో ఎగిరి గంతేశాయి. అరచేత్తో నొక్కేది. తిప్పక్కర్లేనిది. కానీ సంఘంలో కొత్తవాళ్ళు ఎవరు క్లిప్పులు పెట్టినా ఇన్నేళ్ళూ వాళ్ళని ఏడిపించుకు తిన్నది ఆయనే. ఇప్పుడు తానే పెడితే ఎందుకు అని అడుగుతారు. అడిగితే చేతులు చూస్తారు. చేతులు చూస్తే అంతా అయిపోతుంది. భయం వేసినప్పుడు నెవిల్ గొంతు పెద్దదవుతుంది.

"పట్టుకుంటుందో లేదో కాదురా. నట్టు బిగించలేనివాడు ఇంట్లో కూర్చుని కిటికీలోంచి బస్సులు చూసుకోవాలి. ప్రదర్శనకి రాకూడదు. తెలిసిందా?"

డడ్లీ చూపు ఒక్క క్షణం నెవిల్ కోటు జేబుల మీద నిలిచి పక్కకి తప్పుకుంది.

మావిస్ బోల్టులు, రెక్కల నట్లు తెచ్చి పోసింది. "ఆరు మిల్లీమీటర్లవి. ఎక్కించి చూసుకో బంగారం."

"ఇప్పుడు అన్నీ మిల్లీమీటర్లే" అన్నాడు నెవిల్, చేతులు బయటికి తీయకుండా. "మా రోజుల్లో పావంగుళం బోల్టులు. పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. దాని నట్టు దీనికి ఎక్కించావనుకో, ఒకటి రెండు చుట్లు ముద్దుగా తిరుగుతుంది. తర్వాత పట్టేస్తుంది. మర చుట్ల మధ్య ఎడం వేరు కదా. దీని మీద ఎంతమంది కుర్రాళ్ళని తిట్టానో లెక్కలేదు."

"నన్నూ తిట్టాడు" అన్నాడు డడ్లీ. "నిద్రలో లేపి అడిగినా ఈ పాఠం అప్పజెప్తాను."

"ఎక్కించి చూడవేం మరి?" అంది మావిస్.

"నీ మీద నమ్మకం ఉందిలే. సంచీలో పొయ్యి."

డడ్లీయే ఒక నట్టు తీసి బోల్టుకి ఎక్కించి చూసి, సరిపోయిందని తలాడించాడు. తర్వాత నాలుగు క్లిప్పులు తీసి తన డబ్బుతో విడిగా కట్టించుకున్నాడు.

"అవెందుకురా?"

"వంటింట్లో అలమరాకి."

కొత్త చట్రాల పని నెవిల్ గరాజులో సాగింది. రంపం పిడికిట్లో పట్టేదే కాబట్టి కోతలన్నీ నెవిలే కోశాడు. స్క్రూలన్నీ డడ్లీ బిగించాడు. నెవిల్ పక్కన నిలబడి "వంకర పోతోంది, నీ మొహంలా ఉంది" అంటుంటే అది పెత్తనంలా కనిపించేది, చేతకాకపోవడంలా కాదు. రెండు బల్లల్ని పక్కపక్కన బిగించిపెట్టి, రెంటికీ ఒకేసారి బెజ్జం వేశారు. ఆ బెజ్జాల్లో ఇత్తడి మొనలు, గుంటలు దించారు. బల్లల్ని దగ్గరికి తోసినప్పుడు మొన గుంటలోకి జారి ఆగిన చప్పుడు వినగానే నెవిల్‌కి కడుపు నిండిపోయింది. వేలు పెట్టి తడిమితే అతుకు తగల్లేదు.

తడుముతుంటే ఇంకేవో తగిలాయి. అతుకుకి రెండు వైపులా, బల్ల ముందు చెక్క మీద, సన్నటి చిల్లులు.

"ఇవేమిట్రా? పురుగు పట్టిందా?"

"కాదు, నేనే వేశాను. చెక్కకి గాలి ఆడడానికి."

"గాలి ఆడడానికా! చెక్కకి ముక్కుంటుందని నీకెవరు చెప్పారు?"

"కొత్త పద్ధతి. నీకు తెలీదులే" అని డడ్లీ ఈల వేసుకుంటూ గరాజు ఊడవడం మొదలుపెట్టాడు. వయసు మీద పడి వీడి బుర్ర వదులవుతోందని నెవిల్ మనసులో జాలిపడ్డాడు. ఆ చిల్లుల్ని మైనంతో పూడ్చి పైన ఆకుపచ్చ రంగు వేస్తే మళ్ళీ కనిపించలేదు.

ప్రదర్శన రేపనగా, మధ్యాహ్నం పూట, నెవిల్ గరాజు తలుపు వేసుకుని ఒక్కడే కూర్చున్నాడు. కొత్త బోల్టు ఒకటి బల్ల అంచు బెజ్జంలో పెట్టి కొత్త నట్టు ఎక్కించబోయాడు. నట్టు బొత్తిగా చిన్నది. రెక్కలు పిల్లి చెవుల్లా ఉన్నాయి. వేళ్ళ మధ్య నిలవదు, నిలిచినా తిరగదు. నట్టు జారి నేల మీద పడింది. వంగి తీశాడు. మళ్ళీ పడింది. మూడోసారి పడ్డప్పుడు తీయకుండా అలాగే చూస్తూ కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసుకుని ఆయనకి తన మీద తనకే కోపం వచ్చింది.

అప్పుడే అటకమీద బిస్కట్ డబ్బా కనిపించింది. పాత బల్లల నుంచి ఊడదీసిన ఇత్తడి రెక్కల నట్లు అందులో పారేశాడు. కర్మాగారం రోజుల్లో స్వయంగా పోత పోయించుకున్నవి. వాటి రెక్కలు పెద్దవి, ఒక్కొక్కటీ బొటనవేలంత. ఒకటి తీసి బోల్టుకి ఎక్కించి, రెక్క మీద అరచెయ్యి ఆనించి తోశాడు. హాయిగా తిరిగింది. ఇంకో చుట్టూ తిరిగింది. నొప్పి లేదు! ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇంతలో హిలరీ వంటింట్లోంచి టీ చల్లారిపోతోందని కేక వేసింది. నెవిల్ కొత్త నట్లన్నీ డబ్బాలో పడేసి, పాత నట్లన్నీ సంచీలో వేసుకుని, చాలా రోజుల తర్వాత పాట పాడుకుంటూ ఇంట్లోకి వచ్చాడు.

"ఏమిటంత హుషారు?" అంది హిలరీ.

"వాన తగ్గింది" అన్నాడు. బయట కురుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున చర్చి హాలు తిరణాలలా ఉంది. ఎక్కడ చూసినా బల్లలు, వైర్లు, వంగిన నడుములు. వంటగది కిటికీ దగ్గర హిలరీ బన్నులకి వెన్న రాస్తోంది. సంఘం కార్యదర్శి ఎనిడ్ హాలంతా తిరుగుతోంది. ఆవిడ బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఆవిడ గొంతు వినబడితే మగాళ్ళు నిటారుగా నిలబడతారు.

థార్న్‌గిల్ మూడు బల్లలూ కాళ్ళ మీద నిలబడ్డాయి. నెవిల్ వాటిని గుండెతో ఆనించి దగ్గరికి తోశాడు. ఇత్తడి మొనలు గుంటల్లోకి చక్కగా దిగాయి. "నువ్వు వైర్ల సంగతి చూడు. అతుకులు నేను బిగిస్తా" అని డడ్లీకి చెప్పి, మోకాళ్ళ కింద దిండు వేసుకుని బల్ల కిందకి దూరాడు.

మొదటి నట్టు ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టూ తిరిగింది. ఆగిపోయింది.

అరచేత్తో తోశాడు. కదల్లేదు. వేళ్ళతో పట్టుకుని పళ్ళు బిగించి తిప్పాడు. నిప్పు మోచేయి దాటి భుజం దాకా పాకింది. నట్టు మాత్రం కదల్లేదు. దాన్ని వదిలేసి రెండో దాని దగ్గరికి పాకాడు. అదీ అంతే. మూడోదీ అంతే. నిన్న హాయిగా తిరిగిన నట్టు ఇవాళ తిరగడం లేదంటే తిరగనిది నట్టు కాదు. రాత్రికి రాత్రి చేతులు పూర్తిగా పోయాయన్నమాట. బల్ల కింద చీకట్లో, పైన తన ఊరూ, తన గొర్రెలూ, తన వంతెనా ఉండగా, నెవిల్ తన రెండు చేతులూ ముఖం ముందు పెట్టుకుని చూసుకున్నాడు. ఇన్నేళ్ళు తిండి పెట్టిన చేతులు. వాటి మీద కోపం కూడా రాలేదు.

"అయిందా నెవిల్? తలుపులు తీసే వేళవుతోంది" అని పైనుంచి ఎనిడ్ గొంతు వినిపించింది.

నెవిల్ పాక్కుంటూ బయటికి వచ్చి బల్ల కాలు పట్టుకుని లేచాడు. చుట్టుపక్కల నలుగురూ తలెత్తి చూశారు.

"నా వల్ల కాదు ఎనిడ్" అన్నాడు. "నా వేళ్ళు పోయాయి. ఇవాళ కాదు, ఏడాదయింది. నేనే దాచాను. నట్టు తిప్పలేను. చొక్కా గుండీలు కూడా హిలరీయే పెడుతోంది."

వంటగది కిటికీలో హిలరీ చేతిలో వెన్న కత్తి ఆగిపోయింది. ఏడాదిగా ఇంట్లో నాలుగు గోడల మధ్య కూడా పలకని మాట ఆయన ఊరందరి ముందూ పలికాడు.

"కట్టుబాటు నేను పెట్టిందే. బిగించినవాడే నడపాలి. డడ్లీ బిగించి డడ్లీ నడుపుతాడు. నేను వెళ్ళి బస్సులు చూసుకుంటాను."

డడ్లీ వంగి బల్ల కిందకి వెళ్ళాడు. కాసేపు మూలుగులు వినిపించాయి. తర్వాత ఒక తిట్టు వినిపించింది. చర్చి హాల్లో పలకదగిన తిట్టు కాదది.

"ఒరేయ్, ఇది నాకూ తిరగట్లేదురా!"

డడ్లీ పట్టేసిన నట్టుని వెనక్కి తిప్పి ఊడదీసి, బోల్టుతో సహా పట్టుకుని బయటికొచ్చాడు. దీపం కింద పెట్టి చూశాడు. మర చుట్లు చూశాడు. నెవిల్ మొహం చూశాడు. ఇక ఆపుకోలేక బల్ల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"పావంగుళం నట్టురా ఇది! మిల్లీమీటర్ల బోల్టుకి పావంగుళం నట్టు! రెండు చుట్లు ముద్దుగా తిరిగి పట్టేసింది. ఎవడు నేర్పాడ్రా నీకు ఈ పని? పిలవండి వాణ్ణి, తిట్టాలి!"

హాలంతా నవ్వులు. ఆ పాఠం వినని మనిషి ఆ సంఘంలో లేడు. ఎనిడ్ కూడా మొహం పక్కకి తిప్పుకుంది. నెవిల్ సిగ్గుతో ఎర్రబడ్డాడు. సిగ్గు వెనకాలే ఇంకో ఆలోచన మెల్లగా తల ఎత్తింది. తప్పు నట్టుది. చేతులది కాదు. సరైన నట్లు ఇంటి దగ్గర బిస్కట్ డబ్బాలో ఉన్నాయి. హిలరీ కారులో వెళ్తే తలుపులు తీసేలోగా వచ్చేస్తుంది. కోపంలో ఏదో అన్నాను, చేతులకేం లేదు, కాస్త పట్టేశాయి అంతే అంటే అందరూ నమ్మేస్తారు. నమ్మడానికి సిద్ధంగా కూడా ఉన్నారు. డడ్లీ నవ్వుతో వాళ్ళకి ఆ దారి తెరిచే పెట్టాడు. ఒక్క మాట చాలు.

"కారు తాళాలు నా దగ్గరే ఉన్నాయి" అంది హిలరీ కిటికీలోంచి. ఆమెకి కూడా అదే ఆలోచన వచ్చింది. తెచ్చిపెట్టి, ఎవరూ చూడకుండా బల్ల కింద తానే తిప్పడానికి కూడా ఆమె సిద్ధమే. నెవిల్‌కి ఆ సంగతి ఆమె మొహంలో కనిపించింది. పొద్దున గుండీలు పెట్టే మొహమే అది. ఏడాదిగా ఈ మనిషి తనతోపాటు వానని మోస్తోంది.

"వద్దు హిలరీ" అన్నాడు. తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు. "సరైన నట్టు తెచ్చినా నేను తిప్పలేను. నిన్న తిప్పబోతే చేతిలోంచి జారిపోయింది. అందుకే ఈ పాత నట్లు తెచ్చాను. రెక్కలు పెద్దవని. కొలత చూసుకోలేదు."



డడ్లీ కోటు లోపలి జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. విప్పితే నాలుగు క్లిప్పులు.

"వంటింట్లో అలమరాకన్నావ్" అన్నాడు నెవిల్.

"నా వంటింట్లో అలమరా ఎక్కడుందిరా? గిన్నెలన్నీ కిటికీలోనే ఉంటాయి."

స్క్రూడ్రైవర్ తీసి, బల్ల ముందు చెక్క మీద రంగు కింద మైనం గోకాడు. సన్నటి చిల్లులు బయటపడ్డాయి. క్లిప్పు పెట్టి చూస్తే దాని బెజ్జాలు ఆ చిల్లుల మీద కూర్చున్నాయి, అచ్చు గుద్దినట్టు.

నెవిల్ ఆ చిల్లుల మీద వేలు పెట్టాడు.

"గాలి ఆడడానికన్నావ్."

"ఆడుతోందిగా ఇప్పుడు."

"ఎప్పట్నుంచి తెలుసురా నీకు?"

"పోయిన క్రిస్మస్ నుంచి. బిస్కట్ డబ్బా నా చేతికిచ్చి మూత తియ్యమన్నావు. నలభై ఏళ్ళ స్నేహంలో నీ బిస్కట్ల డబ్బా నా చేతికివ్వడం అదే మొదలు. వీడికేదో పెద్ద జబ్బే వచ్చిందనుకున్నాను."

"అప్పుడే చెప్పి చావచ్చుగా."

"నువ్వు చెప్పావా?"

డడ్లీ స్క్రూలన్నీ బిగించి లేచి, రెండు చేతులూ జేబుల్లో దోపుకుని, హాలు కప్పు కేసి చూస్తూ నిలబడ్డాడు. క్లిప్పులు తెరుచుకునే ఉన్నాయి.

"నేను స్క్రూలు తిప్పాను. అంతే. బల్లలు ఇంకా విడివిడిగానే ఉన్నాయి" అన్నాడు కప్పుతో.

నెవిల్ మొదటి కొక్కెం తగిలించాడు. మీట మీద అరచేతి మడమ ఆనించి నొక్కాడు. టక్‌మని పడింది. ఇన్నేళ్ళూ ఆయన వెక్కిరించిన చప్పుడు. బల్లలు ఒకదాన్నొకటి లాక్కుని బిగుసుకున్నాయి. నొప్పి లేదు. రెండోది నొక్కాడు, మూడోది నొక్కాడు, నాలుగోది నొక్కాడు. వంగి, పట్టాల అతుకు మీద వేలు పెట్టి తడిమాడు. తగల్లేదు.

ఎనిడ్ గొంతు సవరించుకుంది. "బిగించినవాడే బండి నడపాలి. ఇది ఎవరు బిగించారు?"

"నేను" అన్నాడు నెవిల్.

"గట్టిగా."

"నేను బిగించాను, ఎనిడ్."

"అయితే నిలబడి చూస్తారేం? తలుపులు తీస్తున్నాను."

రైలు నడిపే పెట్టె మీద మీట ఎప్పుడూ అరచేత్తో తోసేదే. ఆకుపచ్చ ఇంజను రెండు పెట్టెల్ని లాక్కుంటూ ప్లాట్‌ఫారం వదిలింది. అతుకు దగ్గరికి వచ్చేసరికి నెవిల్ ముందుకి వంగి చూశాడు. ఇంజను వెనక్కి తిరిగి చూడకుండా దాటిపోయింది. రోజంతా దాటుతూనే ఉంది. జనం వచ్చారు, చూశారు, బన్నులు తిన్నారు. వేరే ఊరి సంఘం నుంచి వచ్చిన ఒకాయన ముందుకి వంగి క్లిప్పులు చూసి, "ఇవి పిక్నిక్ బుట్టలకి పెడతారు కదండీ" అన్నాడు. నెవిల్ ఆయనకి కూర్చోబెట్టే పనీ, పట్టుకునే పనీ వేరువేరని మొదలుపెట్టి చాలాసేపు వదల్లేదు. డడ్లీ పక్కనే నిలబడి ఆ పాఠాన్ని పెదాలతో అనుసరించాడు.

సాయంత్రం బల్లలు విప్పే పని కూడా నెవిలే చేశాడు. మీట పైకి లేపితే చాలు. వ్యాను ఎక్కించడం అయ్యాక అందరూ హాలు గుమ్మంలో పోగయ్యారు. బయట వాన మొదలైంది. అందరూ టోపీలు సర్దుకుంటున్నారు, కోట్లు వేసుకుంటున్నారు. నెవిల్ కోటు ఎప్పటిలాగే తెరుచుకుని ఉంది. బయటికి వచ్చినప్పుడల్లా ఆయన గుండీలు వదిలేసేవాడు. ఎంత చలైనా తనకి ఉక్కపోత అనేవాడు. ఊళ్ళో అందరూ అది నిజమనుకున్నారు.

ఎనిడ్, డడ్లీ, మిగతా సంఘమంతా చూస్తుండగా ఆయన హిలరీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"గుండీలు పెట్టు" అన్నాడు.

హిలరీ కింది నుంచి మొదలుపెట్టింది. వాన మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.